కోన్ ఫిల్టర్ పెట్టాక ఎండలో పికప్ పడిపోతోందా? ముందు లోపలికి వెళ్లే గాలి వేడి చూడండి

సమస్య

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే లాగుతుంది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పావుగంట ఆగి, సిగ్నల్ పడగానే యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం మోతే తప్ప లాగుడు ఉండదు. ఏసీ ఆపితే కాస్త నయం. కంపెనీ ఎయిర్‌బాక్స్ తీసేసి ఓపెన్ కోన్ ఫిల్టర్ (పెట్టె లేకుండా బయటికే ఉండే శంకు ఆకారం ఎయిర్ ఫిల్టర్) బిగించిన పెట్రోల్ కార్లలో ఎండాకాలం వచ్చే ఫిర్యాదు ఇదే. వెంటనే ప్లగ్‌లు మార్చేస్తారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయిస్తారు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) దాకా వెళ్తారు. గాలి ఎంత వేడిగా వెళ్తోందో మాత్రం చూడరు. దయచేసి డబ్బు పెట్టే ముందు అది చూడండి.

ఎలా చూడాలి

ఓబీడీ సాకెట్‌కి (స్టీరింగ్ కింద ఉండే డయాగ్నస్టిక్ ప్లగ్) మామూలు బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్ యాప్‌లో ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ తెరవండి. బండి ఆగి ఉన్నప్పటి అంకెతో తేల్చేయకండి, అప్పుడు కంపెనీ బాక్స్ ఉన్న కారులోనూ అది పెరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో ఐదు నిమిషాలు నిలకడగా నడిపి చూడండి. టర్బో లేని కారులో బయటి వేడి కంటే 10–15 డిగ్రీలు ఎక్కువ ఉంటే ఫిల్టర్ చోటు ఫర్వాలేదు. 20 దాటి, కిందికి దిగకుండా అక్కడే ఉంటే ఫిల్టర్ బానెట్ కింది వేడినే పీలుస్తోంది.

అసలు కారణం

గాలి 35 డిగ్రీల నుంచి 65కి చేరితే అదే సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువు సుమారు 9 శాతం తగ్గుతుంది. పైగా వేడి గాలికి నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి పేలినట్టు మండటం) వస్తుందని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. మీకు తెలిసే నీరసం ఈ రెండూ కలిసి తెచ్చేదే.

ఇక్కడే చాలామంది పొరబడేది: "హీట్ షీల్డ్ ఉంది కదా" అంటారు. ఫిల్టర్‌కీ ఇంజిన్ వేడికీ మధ్య అడ్డంగా పెట్టే ఆ షీల్డ్ ఉంటే సరిపోదు, దాని పై అంచు రబ్బరు బానెట్‌కి ఆనాలి. షీల్డ్ అంచు మీద ఒక కాగితం ముక్క పెట్టి బానెట్ మూసి, కాగితం లాగండి. బిగువుగా వస్తే సరే. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టే. రేడియేటర్ ఫ్యాన్ వెనక్కి తోసే వేడి అంతా ఆ సందులోంచే ఫిల్టర్ మీద పడుతుంది. అలాగే గ్రిల్ దగ్గర నుంచి చల్లగాలి తెచ్చే కంపెనీ గొట్టాన్ని, కోన్‌కి చోటు చాలడం లేదని బిగించేవాళ్లు తీసి పడేస్తారు. గొట్టం లేకపోతే ఆ షీల్డ్ వెనక కొత్త గాలి రావడానికి దారే ఉండదు.

డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద పవర్ పెరిగిందని చూపించే కాగితాన్నీ నమ్మేయకండి. డైనో మీద బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి నడుపుతారు. రోడ్డు మీద బానెట్ మూసే ఉంటుంది.

పరిష్కారం

నా మాట వింటే కంపెనీ బాక్స్ తిరిగి పెట్టి, లోపల మంచి ప్యానెల్ ఫిల్టర్ వేయండి. కోనే ఉండాలనుకుంటే షీల్డ్ చుట్టూ రబ్బరు బీడింగ్ వేసి, కాగితం బిగువుగా వచ్చేదాకా సరిచేయండి. గ్రిల్ నుంచి గొట్టం మళ్లీ వేయించండి. ఆ తర్వాత అదే రోడ్డు మీద, అదే వేగంతో మళ్లీ అంకె చూడండి. ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే పైపుకి హీట్ ర్యాప్ (వేడి తగలకుండా చుట్టే పట్టీ) చుట్టడం మీద డబ్బు పెట్టొద్దు, కదిలే గాలి ఆ పైపులో ఉండేది క్షణంలో కొద్ది భాగమే.

ఫిల్టర్‌ని బంపర్ కిందికి దింపొద్దు. వానకి నీళ్లు నిలిచే హైదరాబాద్ అండర్‌పాస్‌లలో అది నీళ్లు పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి.

మిగతావి

గాలి వేడి మామూలుగానే ఉండి, ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే పైపు క్లాంపులు బిగించండి. ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న కార్లలో ఫిల్టర్‌కి ఎక్కువ నూనె పట్టిస్తే అది సెన్సర్ తీగ మీద చేరుతుంది. ఎంఏఎఫ్ స్ప్రేతోనే కడగండి, కార్బ్ క్లీనర్ వాడొద్దు, చేత్తో ముట్టుకోవద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోవడం, ఫ్యూయల్ పంప్ బలహీనపడటం అరుదు. కన్వర్టర్ మూసుకుపోతే పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూడా బండి లాగదు. బలహీనమైన పంప్ మాత్రం వేడెక్కాకే మొరాయించవచ్చు.