లండన్‌లో ఒక్క పగటిపూట మ్యూజియం చూసి, పనులు కూడా చేసుకుని రావడం ఎలా?

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు వైపు నుంచి లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మనలో చాలామందే ఉన్నారు. పిల్లలు ఆఫీసుకు పోయిన రోజు పెద్దవాళ్లిద్దరూ సొంతంగా బయటికెళ్లి రావడం కష్టమేమీ కాదు. కానీ ఎక్కువమంది పొద్దున్నే షాపులకు పోతారు. చేతినిండా సంచులతో మధ్యాహ్నం మ్యూజియానికి చేరతారు. గంటలోపే కాళ్లు పీకి ఏ బెంచీ మీదో కూలబడతారు. అందుకే నా పద్ధతి ఇది: ముందు మ్యూజియం, తర్వాత పనులు. రోజుకు ఒక్కటే మ్యూజియం. మూడు చూపిస్తామనే వాళ్ల వెంట వెళ్లకండి, మూడింటి గుమ్మాలు తప్ప ఏమీ గుర్తుండవు.

ముందురోజు రాత్రి

బ్రిటిష్ మ్యూజియం పెట్టుకోండి. ప్రవేశం ఉచితం, పది నుంచి ఐదు దాకా ఉంటుంది, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంచుతారు. ఆన్‌లైన్‌లో పదకొండు గంటల ఉచిత టికెట్ తీసుకోండి. చిన్న సంచీలో నీళ్ల సీసా, గొడుగు, పులిహోర డబ్బా, పవర్ బ్యాంకు ఉంటే చాలు. గేటు దగ్గర సంచులు తెరిచి చూస్తారు, చక్రాల సూట్‌కేసులను లోపలికి రానివ్వరు. కాళ్లకు పాత, అలవాటైన బూట్లే వేసుకోండి.

అసలు కష్టం: రైలు గేటు దగ్గర కార్డు

అందరూ తడబడేది ఇక్కడే. మన ఆర్టీసీ బస్సులో ఒకరు డబ్బులిచ్చి నలుగురికీ టికెట్లు తీసుకున్నట్టు అక్కడ కుదరదు. గేటు దగ్గర తాకించడానికి మనిషికో కార్డు ఉండాలి, అది బ్యాంకు కార్డు కావచ్చు, ముందే డబ్బులు వేసుకుని వాడే ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు కావచ్చు. భార్యాభర్తలు ఒకే కార్డు చూపించి ఇద్దరూ లోపలికి పోలేరు. పదకొండేళ్లలోపు మనవడో మనవరాలో మీతో ఉంటే వాళ్లకు ట్యూబ్ రైల్లో, అంటే లండన్ మెట్రోలో, ఛార్జీ లేదు, వెడల్పు గేటు దగ్గర ఉండే ఉద్యోగిని అడిగితే పంపిస్తారు.

రెండోది ఇంకా ముఖ్యం. లోపలికి వెళ్లేటప్పుడు ఏ కార్డు తాకించారో, బయటికి వచ్చేటప్పుడూ అదే తాకించాలి. వెళ్లేటప్పుడు కార్డు, వచ్చేటప్పుడు ఫోను తాకిస్తే, రెండూ ఒకే బ్యాంకు ఖాతావైనా సరే, మిషన్ వాటిని ఇద్దరు వేర్వేరు మనుషులుగా లెక్కేస్తుంది. ఒకరు ఎక్కి దిగలేదు, ఇంకొకరు ఎక్కకుండానే దిగారు. రెండిటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. పర్సునే గేటుకు ఆనించే అలవాటు కూడా మానుకోండి. అందులో రెండు కార్డులుంటే ఏది చదువుతుందో చెప్పలేం. కావాల్సిన కార్డు బయటికి తీసి, అది ఒక్కటే తాకించండి.

కొన్ని స్టేషన్లలో గేట్లే ఉండవు. గోడ పక్కనో స్తంభానికో పసుపుపచ్చ గుండ్రటి రీడర్ ఉంటుంది. గేటు లేదు కదా అని నడిచి వెళ్లిపోతే ప్రయాణం ముగిసినట్టు కాదు, వెతికి మరీ తాకించాలి. బస్సులో దీనికి వ్యతిరేకం. ఎక్కేటప్పుడు మాత్రమే తాకించాలి, దిగేటప్పుడు అవసరం లేదు. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు, కాబట్టి చిల్లర చూపించి బతిమాలినా లాభం ఉండదు.

మన దగ్గరి నుంచి తెచ్చుకున్న బ్యాంకు కార్డయితే బయలుదేరే ముందే యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో ఇవి మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. వీసా, మాస్టర్ కార్డు అయితే ఇబ్బంది లేదు, రూపే మీద ఆధారపడకండి. అయినా పెద్దవాళ్లు ఆయిస్టర్ కార్డే తీసుకోవాలి. స్టేషన్ మిషన్లో డబ్బులు వేసుకోవచ్చు, విదేశీ మారకం రుసుము ఉండదు, పోయినా అందులో ఉన్నంతే పోతుంది. ఒక రోజు ఛార్జీకి పరిమితి కూడా ఉంది, అది దాటాక ఇక డబ్బులు కోయరు. రోజంతా ఒకే కార్డు వాడితేనే ఆ లాభం దక్కుతుంది.

ప్రయాణం, మ్యూజియం

పనిదినాల్లో ఉదయం తొమ్మిదిన్నర దాటాకే రైలెక్కండి, అప్పటిదాకా రద్దీ ఛార్జీ. పశ్చిమ లండన్‌లోని హౌన్స్‌లో (Hounslow) అనే ప్రాంతం నుంచి పికడిల్లీ లైన్ నేరుగా హోబర్న్‌కు, రస్సెల్ స్క్వేర్‌కు వెళుతుంది. తూర్పు లండన్‌లోని ఇల్‌ఫర్డ్ నుంచి ఎలిజబెత్ లైన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ స్టేషనే మంచిది, పైదాకా లిఫ్టులున్నాయి. రస్సెల్ స్క్వేర్‌లోనూ లిఫ్టు ఉంది, పొరపాటున మెట్ల దారి పట్టారో 175 మెట్లు!

లోపలికి వెళ్లగానే మమ్మీల వైపు పరుగెత్తకండి. ముందు 33ఏ గదికి వెళ్లండి. అక్కడ అద్దాల వెనక అమరావతి స్తూపం రాళ్లున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపినవి, 1859లో ఓడలో లండన్ చేరాయి. వాటిలో ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. పాత వైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన జనం. బుద్ధుడి రూపం చెక్కని కాలం అది. తర్వాత కొన్ని వందల ఏళ్లకు అదే రాయిని తిప్పి, వెనక వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద వరుసగా నిలబెట్టే ఐదు ఆయక స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు. దగ్గరికి వెళ్లి నిదానంగా చూడండి.

లండన్ బయలుదేరే ముందే ఒకసారి నాగార్జునసాగర్ వెళ్లి రావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. 2022లో తెరిచిన బుద్ధవనంలో మహాస్తూపాన్ని అమరావతి స్తూపం నమూనాలోనే కట్టారు. లాంచీలో నాగార్జునకొండకు వెళితే అదే జాతి సున్నపురాయి శిల్పాలు కనిపిస్తాయి. అవి చూసినవాళ్లకు లండన్‌లో ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. చూడకుండా వెళ్లినవాళ్లు ఆ గదిలో ఒక ఫోటో దిగి బయటికొస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఆ తర్వాత రోసెట్టా రాయి, ఈజిప్టు శిల్పాలు చూసి పన్నెండున్నరకల్లా బయటపడండి.

పనులు

ఇంట్లో బీరువాలో ఎవరో ఇచ్చిన పాత కాగితం పౌండ్ నోట్లుంటే వాటి పని ముందు చూడండి. కాగితపు ఇరవై, యాభై పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చెల్లుబాటు కోల్పోయాయి, ఏ షాపులోనూ తీసుకోరు. థ్రెడ్‌నీడిల్ వీధిలోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ కౌంటర్లో మార్చుకోవచ్చు. హోబర్న్ నుంచి సెంట్రల్ లైన్‌లో నేరుగా బ్యాంక్ స్టేషన్‌కు వెళ్లాలి. పనిదినాల్లోనే ఉంటుంది, లైను పెద్దదిగా ఉండొచ్చు. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి.

ఈ పని లేనివాళ్లు రస్సెల్ స్క్వేర్ తోటలో బెంచీ మీద కూర్చుని పులిహోర తిని, నాలుగు లోపు రైలెక్కేయండి. నాలుగు నుంచి ఏడు దాకా మళ్లీ రద్దీ. మూడు చదరపు పిన్నుల ప్లగ్గు, సిమ్ కార్డు, మనవళ్లకు బొమ్మలు అన్నీ ఇంటి దగ్గరి షాపుల్లోనే కొనాలి, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నుంచి మోసుకు రావడంలో అర్థం లేదు. బీపీ, షుగర్ మందుల కోసం మాత్రం అక్కడ తిరగకండి. మన డాక్టరు రాసిన చీటీకి అక్కడి మందుల షాపులో మందులివ్వరు. ఉండబోయే రోజులకు సరిపడా ఇక్కడే కొని, చీటీతో పాటు పట్టుకెళ్లండి. ఆదివారం పెట్టుకుంటే పెద్ద షాపులు ఆరు గంటలే తెరిచి ఉంటాయని గుర్తుంచుకోండి.

మర్నాడు

పిల్లలతో చెప్పి లండన్ రవాణా సంస్థ (టీఎఫ్ఎల్) సైట్లో కార్డు నమోదు చేయించి, నిన్నటి ప్రయాణాలు చూడండి. ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్ రెండూ కనిపించాలి. ఒకటి లేకపోతే దాన్ని అసంపూర్తి ప్రయాణంగా చూపిస్తుంది. ఎక్కడ దిగారో ఆ సైట్లోనే వివరం ఇచ్చి, ఎక్కువ పడిన డబ్బు వెనక్కి అడగవచ్చు.