గాలి హారన్ గొంతు సరిచేయడం: స్క్రూ ఆఖరి పని

హారన్ బొంగురుపోయిందనగానే చాలామంది చెయ్యి మొదట హారన్ వెనకాల ఉన్న స్క్రూ మీదికే పోతుంది. అక్కడే తప్పు జరుగుతుంది. గొంతు పోయిన హారన్లలో ఎక్కువ వాటికి స్క్రూతో పనే ఉండదు. గాలి చాలకపోవడమో, లోపల నీళ్లు చేరడమో, రేకు మీద మురికి పట్టడమో అసలు కారణం అయి ఉంటుంది. అవి చూడకుండా స్క్రూ తిప్పితే ఒక తప్పు కాస్తా రెండవుతుంది.

బూర వెనక డబ్బాలో పల్చని రేకు, అంటే డయాఫ్రం, బూర లోపలి చివరను నొక్కిపట్టి ఉంటుంది. గాలి వచ్చి రేకును లేపుతుంది, సందులోంచి బూరలోకి దూకుతుంది, ఒత్తిడి తగ్గగానే రేకు మళ్లీ మూసుకుంటుంది. సెకనుకు వందలసార్లు ఇలా జరిగితేనే శబ్దం. స్వరం మందమా సన్నమా అన్నది ముఖ్యంగా బూర పొడవును బట్టి ఉంటుంది. స్క్రూ మార్చేది రేకు మీది బిగువును మాత్రమే.

లారీ అయితే చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరులో ఒత్తిడి 7–8 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) వచ్చేదాకా గాలి ట్యాంకు నింపండి. ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వ్ తెరిచి నీళ్లు వదలండి. వానాకాలంలో ఇది రోజూ చేయాల్సిన పని. తర్వాత ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు రాసి, బుడగ లేస్తుందేమో చూడండి. బటన్ నొక్కితే సొలెనాయిడ్ వాల్వ్, అంటే కరెంటుతో తెరుచుకుని హారన్‌కు గాలి వదిలే వాల్వ్, 'టక్' అనాలి. టక్ అనకపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్ చూడండి. టక్ అంటున్నా గాలి రాకపోతే పైపు మూసుకుపోయింది. బటన్ వదిలాక కూడా ఊదుతూనే ఉంటే వాల్వ్ లోపల తుప్పు ముక్క ఇరుక్కుంది.

గాలి ఎక్కడినుంచి తీశారన్నది తప్పకుండా చూడండి. ట్యాంకు గాలిని విడివిడి లైన్లకు పంచే నాలుగు దారుల ప్రొటెక్షన్ వాల్వ్‌లో 21, 22 నంబరు దారులు బ్రేకులవి, 24 ఇతర అవసరాలది. హారన్ పైపు 24 నుంచే రావాలి. బ్రేకు లైన్‌లో టీ జాయింటు పెట్టి హారన్‌కు గాలి తీసినట్టయితే, హారన్ పైపు పగిలిన రోజు బ్రేకు గాలి కూడా దానితోనే పోతుంది. అలా ఉంటే ముందు అది మార్పించండి, హారన్ సంగతి తర్వాత.

ఇక శుభ్రం చేయడం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే బండ్ల బూరల్లో నూగు చేరుతుంది. భూపాలపల్లి బొగ్గు లారీల్లో నల్లపొడి తేమతో కలిసి రేకుకు ముద్దలా అంటుకుంటుంది. కొన్నాళ్లు ఆగిన బండి బూరలో కందిరీగ మట్టిగూడు కూడా కట్టేస్తుంది. వెనక మూతకు, డబ్బాకు కలిపి మార్కరుతో ఒక గీత గీసి, స్క్రూలు ఎదురెదురుగా విప్పండి. రేకును పొడిగుడ్డతో తుడవండి. వంగినా, చీలిక కనిపించినా కొత్తది వేయాల్సిందే. రేకు ఆనే అంచు మీద తుప్పుంటే 600 నంబరు ఎమరీ పేపరును అద్దం ముక్క మీద పరిచి, అంచును దాని మీద సమంగా రుద్దండి. రేకుకు నూనె మాత్రం రాయొద్దు, దుమ్ము పట్టేస్తుంది. బిగించేటప్పుడు కూడా ఎదురెదురుగానే బిగించాలి.

ఇప్పటికీ గొంతు సరిగా లేకపోతే అప్పుడు స్క్రూ. సీలు చేసిన హారన్లకు స్క్రూ ఉండదు, వాటిని కెలకొద్దు. రెండు బూరలుంటే ఒకదాని పైపు తీసి మూసేసి, ఒక్కోదాన్ని విడిగా చూడాలి. చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. స్క్రూ కదలకుండా పట్టే లాక్ నట్ వదులు చేసి, ఉత్త 'స్స్' మనే గాలి వచ్చేదాకా స్క్రూను వెనక్కి తిప్పండి. అక్కణ్నుంచి చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ ఒక్క సెకను మోగించండి. మొదట 'బుర్ర్' మని కొట్టుకుంటుంది, తర్వాత గొంతు విచ్చుకుంటుంది, ఇంకా బిగిస్తే కీచుమని నొక్కుకుపోతుంది. విచ్చుకున్న చోటికీ నొక్కుకుపోయిన చోటికీ మధ్యన, కాస్త వదులు వైపే ఆపండి. ట్యాంకులో గాలి 5 కేజీలకు దిగినప్పుడు కూడా మోగాలి. 8 దగ్గర మోగి 5 దగ్గర మోగకపోతే బిగువు ఎక్కువైందని అర్థం.

ఒకే పొడవున్న రెండు బూరలు కలిసి మోగేటప్పుడు 'వూం వూం' మని అలలా ఊగితే రెంటి స్వరాలూ కొద్దిగా తేడా. ఒకదాని స్క్రూను వెంట్రుకవాసి కదపండి. ఊపు నెమ్మదించిందంటే దారి సరైనదే, అల ఆగేదాకా అటే పోనివ్వండి.

కార్లలో 12 వోల్టుల కంప్రెసర్ హారన్‌కు అసలు జబ్బు సాధారణంగా వైరే. మోగుతుండగా కంప్రెసర్ దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. 11 వోల్టుల కంటే తక్కువ వస్తే లావు వైరు వేసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే ద్వారా నేరుగా కరెంటు ఇవ్వాలి. రెండు బూరలకూ గొట్టాలు ఒకే పొడవుండాలి, లేదంటే ఒకటి ముందు, ఒకటి వెనక మోగుతాయి. బూర మూతి కాస్త కిందికి వాలి ఉంటే నీళ్లు నిలవవు.

ఎంత బాగా కుదిరినా స్వరాలు మార్చి మార్చి పాడే హారన్‌ను, కర్కశంగా అరిచేదాన్ని రోడ్డు మీద వాడడానికి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 119వది దాన్ని నిషేధించింది. వరంగల్ ఎంజీఎం లాంటి ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు మోగించి చూడొద్దు. ఈ పని ఊరి బయట పెట్టుకోండి.

లాక్ నట్ బిగిస్తే స్క్రూ కాస్త కదులుతుంది, అందుకే బిగించాక మళ్లీ ఒకసారి మోగించి చూడాలి. సరిపోతే స్క్రూకు, మూతకు కలిపి పెయింటుతో గీత పెట్టండి. రేపు గొంతు మళ్లీ మారినప్పుడు ఆ గీత చెదరలేదంటే స్క్రూ జోలికి పోకుండా నేరుగా ట్యాంకు డ్రెయిన్ దగ్గరికే వెళ్లొచ్చు.