పాత పశుక్షేత్రాల పటంలో ముందుగా నీటిని చదవండి

న్యూమెక్సికో, అరిజోనా వంటి ఎండు ప్రాంతాల పశుక్షేత్రాలను చూపే పాత టోపోగ్రాఫిక్ పటం (నేల ఎత్తుపల్లాలను కూడా చూపే పటం) చేతికి రాగానే చాలామంది కొండల కోసం వెతుకుతారు. అక్కడ పశుపోషణ అంతా నీటిని బట్టే సాగింది కనుక, నీటితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ తన పాత పటాలను టోపోవ్యూ అనే వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తోంది.

ముందు పటం అంచున ఉన్న తేదీలను చూడాలి. సర్వే జరిగిన ఏడాది, ముద్రించిన ఏడాది, పునర్ముద్రించిన ఏడాది వేరువేరుగా ఉండవచ్చు. నేల ఎప్పుడు అలా ఉండేదో చెప్పేది సర్వే ఏడాది మాత్రమే. ఊదా రంగులో కనిపించే రోడ్లు, కుంటలు తరువాత విమాన ఛాయాచిత్రాలను చూసి చేర్చినవి.

ఇక నీలి రంగుకు రండి. తెంపు లేని నీలి గీత ఏడాది పొడవునా పారే ఏరు. గీతల మధ్య చుక్కలు ఉంటే అది ఏడాదిలో కొంతకాలం మాత్రమే పారే వాగు. ఎండు నేలల పటాల్లో రెండో రకమే ఎక్కువ కాబట్టి, నీలి గీతల వల చూసి ఆ ప్రాంతం నీళ్లతో కళకళలాడేదని భ్రమపడకూడదు. 'ట్యాంక్' అన్న మాట చాలాచోట్ల ఇనుప తొట్టిని కాక, మట్టికట్ట వేసి వాననీటిని నిలిపిన కుంటను సూచిస్తుంది. గాలితో తిరిగి నీటిని తోడే గాలిమర గుర్తు కనబడితే అక్కడ బావి ఉండేదని అర్థం.

ఇప్పుడు స్కేలు పెట్టి కొలవండి. 1:62,500 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 625 మీటర్లు. రెండు గాలిమరల మధ్య 4 సెంటీమీటర్లు ఉంటే అసలు దూరం రెండున్నర కిలోమీటర్లు. నీటికి దూరమయ్యే కొద్దీ పశువులు మేయడం తగ్గుతుంది కనుక, గాలిమరలు ఎక్కడెక్కడ వేశారో చూస్తే ఏ మేత భూమిని వాడుకోవాలనుకున్నారో తెలిసిపోతుంది. పటంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గోధుమ రంగు కాంటూరు రేఖలు వాగును దాటే చోట వంపు తిరిగి, వాటి మొన ఎగువ వైపు చూపుతుంది. కుంట కట్ట దిగువన ఉంటుంది కనుక నీరు ఎటు నుంచి చేరేదో దీనితో తేలుతుంది.

చివరగా, 1927 నాటి డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను లెక్కించే ఆధార చట్రం) మీద గీసిన పటంలోని అక్షాంశ రేఖాంశాలను నేటి జీపీఎస్‌లో అలాగే వేస్తే స్థానం పదుల మీటర్లు పక్కకు జరగవచ్చు; ముందుగా డేటమ్ మార్చుకోవాలి. పటంలో బావి ఉందన్న నమ్మకంతో అక్కడికి నీళ్లు లేకుండా మాత్రం వెళ్లవద్దు.