పాత కాంటెస్సాలో ఏసీకి మళ్లీ ప్రాణం

మామయ్య ఇచ్చిన 1990 కాంటెస్సా కారులో ఏసీ వేస్తే వేడిగాలే. ఆ కాలపు బండ్లలో ఆర్‌12 అనే చల్లబరిచే గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరకు చేటని మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ఆపేశారు కాబట్టి ఆర్‌134ఏకి మార్చాం.

గ్యాస్ ఒక్కటీ మారిస్తే చాలదు. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు. తిరిగి ఆయిల్ అందక గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ పట్టేస్తుంది. అందుకే అది విప్పి, ఉన్నదంతా వంపేసి ఎస్టర్ ఆయిల్ పోశాం. ఓ-రింగులు (అతుకుల దగ్గరి రబ్బరు సీళ్లు), డ్రయ్యర్ (తేమ పీల్చేది) కొత్తవి. నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు రాస్తే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) మూలన బుడగలు, అంటే లీకు! అతుకేస్తే సరిపోతుందన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. కొత్త గ్యాస్‌కి హై సైడ్ (కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు) ప్రెషర్ ఎక్కువ, పాత కండెన్సర్ బాగున్నా అంతంత మాత్రమే. ప్యారలల్ ఫ్లో రకం (సన్న గొట్టాలు పక్కపక్కనే ఉండి వేడి బాగా వదిలేది) కొని, ముందు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. ఖర్చంతా ఇక్కడే, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఫలితం కూడా ఇక్కడే.

ముప్పావుగంట వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, పంపు ఆపాక గేజి ముల్లు కదలకపోతేనే గ్యాస్ ఎక్కించాలి. తూకం వేసి, పాత గ్యాస్ కొలతలో 80-85 శాతంతో మొదలుపెట్టాం. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది.

చివరగా బానెట్ కింద ‘ఆర్‌134ఏ, ఎస్టర్ ఆయిల్’ అని స్టిక్కర్ అంటించాం. లేకపోతే తర్వాతి మెకానిక్ ఏది పోస్తాడో చెప్పలేం.