సింగపూర్ టికెట్ కొనేముందు తేదీ, పేరు సరిచూసుకోండి

నెల్లూరు నుంచి మొదటిసారి సింగపూర్ వెళ్లేవాళ్లు తడబడేది తేదీ దగ్గరే. టికెట్‌పై 15వ తేదీ 00:40 అని ఉంటే, 14 రాత్రి తొమ్మిదిన్నరకల్లా చెన్నై విమానాశ్రయంలో ఉండాలి. 15 సాయంత్రం రైలెక్కితే విమానం ఎప్పుడో పోయుంటుంది. చెన్నై సెంట్రల్‌లో దిగితే అక్కణ్ణుంచే విమానాశ్రయానికి మెట్రో ఉంది. రైళ్లు ఆలస్యమవడం మనకు కొత్తేం కాదు గదా, మధ్యాహ్నం బండే పట్టుకోండి.

పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాదు, పాస్‌పోర్టులో ఉన్నట్టే వెయ్యాలి. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే టికెట్‌లో పొడి అక్షరం పెట్టొద్దు. అక్కడ దిగే రోజుకి పాస్‌పోర్టు గడువు ఇంకా 6 నెలలుండాలి.

వీసా వచ్చేసింది కదా అని ఊరుకోకండి. సింగపూర్‌లో దిగకముందే, దిగే రోజుతో కలిపి చివరి 3 రోజుల్లో ‘ఎస్‌జీ అరైవల్ కార్డ్’ (ఆ దేశంలోకి వచ్చేవాళ్లు ఇచ్చే వివరాల ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి. విమానం నంబరు, బస చేసే చిరునామా దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఇది ఉచితం, డబ్బులడిగే సైటు ప్రభుత్వానిది కాదు, మూసెయ్యండి.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లు చుట్టి.