ఫ్రెడరిక్ డగ్లస్ తొలినాటి ఛాయాచిత్రాన్ని పరిశీలించే విధానం

1838లో బానిసత్వం నుంచి తప్పించుకుని, ఆ వ్యవస్థ నిర్మూలన కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువసార్లు ఫోటో తీయించుకున్న వ్యక్తి. ఆయనవి సుమారు 160 వేర్వేరు చిత్రాలను ఇప్పటికి గుర్తించారు. వాటిలో 1847-52 మధ్య ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్‌లో శామ్యూల్ మిల్లర్ తీసిన డాగ్యురోటైప్ (లోహపు రేకుమీద ఏర్పడే తొలినాటి ఫోటో) చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానిని చూసేవారు తీసినవాని పనితనంతో పాటు, కెమెరా ముందు కూర్చున్నవాని సంకల్పాన్ని కూడా చదవగలగాలి.

ముందుగా అది దేనిమీద ఏర్పడిన బొమ్మో తెలుసుకోండి. వెండి పూసిన రాగి రేకును అద్దంలా మెరుగుపెట్టి, అయొడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో వెలుతురు సోకనిచ్చి, ఆపై వేడిచేసిన పాదరసపు ఆవిరి తగిలిస్తే దానిమీద రూపం తేలేది. ఇందులో నెగటివ్ ఉండదు కనుక ప్రతి రేకూ ఏకైకమే. అసలు రేకును చూసే అవకాశం దొరికితే ముదురు రంగు దుస్తులు ధరించి వెళ్లండి. ఎదుట నల్లని వస్తువు ప్రతిఫలించినప్పుడే ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, కాస్త పక్కకు వంచితే వెలుగునీడలు తారుమారై నెగటివ్‌లా మారిపోతుంది. ఈ మార్పు గాజుమీద తీసే ఆంబ్రోటైప్ అనే మరో రకం ఫోటోలో ఉండదు. ఇనుపరేకు మీది టిన్‌టైప్ అయితే అయస్కాంతానికి అంటుకుంటుంది. రేకుపై ఉన్న గాజును ఎన్నడూ తీయకండి, ఎందుకంటే మెత్తని గుడ్డతో తుడిచినా ఆ బొమ్మ చెరిగిపోతుంది.

తరువాత కుడిఎడమలను సరిచూసుకోండి. డాగ్యురోటైప్ సాధారణంగా అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. పురుషుల కోటులో తొడుక్కున్నవారి ఎడమ అంచు పైకి వస్తుంది. చిత్రంలో వారి కుడి అంచు పైన కనిపిస్తే అది తిరగబడినదే. పాపిట ఏ వైపు ఉందో రాసేముందు ఈ పరీక్ష తప్పనిసరి. రంగుల విషయంలోనూ తొందరపడకూడదు. ఆ రేకులు నీలి కాంతికి బాగా, ఎరుపు పసుపులకు చాలా తక్కువగా స్పందించేవి కాబట్టి, నల్లగా కనిపించే బట్ట నిజానికి ఎర్రనిది కావచ్చు. ముఖవర్ణాన్ని కూడా రేకు చూపినంత మాత్రాన అదే అసలు ఛాయ అనుకోరాదు.

ఇక ముఖం దగ్గర ఆగండి. మిల్లర్ చిత్రంలో తెల్లని చొక్కా, ముదురు కోటు, ముడిపడిన కనుబొమలు, బిగిసిన పెదవులు కనిపిస్తాయి. చాలా క్షణాలు కదలకుండా కూర్చోవలసి రావడం వల్లనే ఆ గాంభీర్యం వచ్చిందని కొందరు తేల్చేస్తారు, కానీ ఆ వివరణ చాలదని నా అభిప్రాయం. ఫోటో తీయడానికి పట్టే సమయం బాగా తగ్గిన తరువాత కూడా డగ్లస్ దాదాపు ఎప్పుడూ నవ్వలేదు. బానిసలు సంతోషంగానే ఉన్నారని ప్రచారం చేసే వ్యంగ్యచిత్రాలు రాజ్యమేలిన కాలమది. శ్వేతజాతి చిత్రకారుల చేతిలో నల్లవారికి నిష్పాక్షికమైన రూపచిత్రం దక్కదని ఆయన 1849లో రాశారు. 1861లో బొమ్మల శక్తి గురించి బోస్టన్‌లో ఉపన్యసించారు. ఈ రెండింటినీ మనసులో ఉంచుకుని ఆ చూపును మళ్లీ చూడండి.

పోలిక కోసం, డగ్లస్‌లాగే బానిసత్వం నుంచి బయటపడి దానికి వ్యతిరేకంగా పోరాడిన సోజర్నర్ ట్రూత్ అనే మహిళ చిన్న ఫోటో కార్డును పక్కన పెట్టుకోవడం ఎంతో ఉపయోగకరం. కాగితంపై అచ్చయ్యే ఆ ఫోటోకు ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. 1864లో ఆమె దాని హక్కులను తన పేరిట నమోదు చేయించుకుని, సభల్లో అమ్మి జీవనం సాగించింది. అసలును, అంటే తనను, పోషించుకోవడానికి నీడను అమ్ముతున్నానన్న అర్థం వచ్చే వాక్యం కార్డుమీదే ఉంటుంది. ఛాయాచిత్రం అనే మన మాటలోనూ ఆ నీడే ఉంది కదా! కార్డును తిప్పి వెనుకవైపు కూడా చూడండి: అక్కడ ఫోటోల అమ్మకంపై అప్పట్లో విధించిన పన్ను బిళ్ల అతికించి ఉంటే, ఆ ప్రతి 1864 సెప్టెంబరు, 1866 ఆగస్టు మధ్య అమ్ముడైనదని చెప్పవచ్చు.