రెమింగ్టన్ 700 రైఫిల్‌కు కొత్త ట్రిగ్గర్: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

రెమింగ్టన్ 700 బోల్ట్ రైఫిల్‌కు టిమ్నీ, ట్రిగ్గర్‌టెక్ వంటి కంపెనీల ట్రిగ్గర్లు కొని బిగించుకునేవారు చాలామంది ట్రిగ్గర్ లాగడంలో తేలికదనం ఒక్కటే చూస్తారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. స్క్రూ ముట్టుకునే ముందు మ్యాగజైన్‌నూ ఛాంబర్‌నూ ఖాళీ చేసి, కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టాలి. భారతదేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి కనుక, ఇక్కడి పాఠకులు ఈ పనిని లైసెన్సున్న మెకానిక్‌కే అప్పగించి, తుపాకీ తిరిగి వచ్చాక కింది పరీక్షలు చేసుకుంటే చాలు.

బోల్ట్‌ను గట్టిగా మూస్తే ఫైరింగ్ పిన్ దానంతట అదే పడిపోతోంది

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. తూటాను పేల్చే ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టి ఉంచే ముక్కను సియర్ అంటారు. ఆ సియర్ అంచు ట్రిగ్గర్ అంచు మీద ఆనే మేర, అంటే పట్టు, మరీ సన్నబడినప్పుడు చిన్న కుదుపుకే అది జారిపోతుంది. స్ప్రింగ్‌ను అతిగా వదులు చేసినా ట్రిగ్గర్ సమయానికి వెనక్కి వచ్చి సియర్ కింద నిలబడలేదు. రెమింగ్టన్ పాత వాకర్ ట్రిగ్గర్‌లో పట్టును మార్చేది వెనుక స్క్రూ. కొత్త ట్రిగ్గర్లలో కొన్నింటికి పట్టును ఫ్యాక్టరీలోనే అమర్చి సీల్ వేస్తారు. ఆ సీల్ విప్పకూడదన్నదే నా సలహా. ముందు స్ప్రింగ్ బిగువు పెంచి, అప్పటికీ లోపం పోకపోతే కంపెనీ సూచనల ప్రకారం పట్టు పెంచాలి. తరువాత ఖాళీ తుపాకీ బోల్ట్‌ను ముప్పై సార్లు గట్టిగా మూసి, కాక్ చేసి (పిన్ వెనక్కి నిలిచేలా) ఉంచి, భుజానికి ఆనించే బట్‌ను రబ్బరు సుత్తితో తట్టి చూడాలి. ఒక్కసారి పిన్ పడినా ఆ ట్రిగ్గర్ పనికిరాదు.

సేఫ్టీ తీయగానే పిన్ పడుతోంది

సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ లాగి వదిలి, ఆ తరువాత సేఫ్టీ తీయండి, ఏమీ జరగకూడదు. జరిగితే ట్రిగ్గర్ తన స్థానానికి తిరిగి రావడం లేదని అర్థం. వాకర్ ట్రిగ్గర్‌లో కనెక్టర్ అనే విడి ముక్క ఉంటుంది. దానికీ ట్రిగ్గర్‌కూ మధ్య మట్టి చేరితే ఈ లోపం రావచ్చు. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 వరకు తయారైన ఎక్స్-మార్క్ ప్రో అనే ట్రిగ్గర్లున్న రైఫిళ్లను రెమింగ్టన్ 2014లో వెనక్కి పిలిపించింది; జోడింపులో వాడిన జిగురు ఎక్కువ కావడమే అందుకు చెప్పిన కారణం. కాబట్టి స్క్రూ కదలకుండా లాక్‌టైట్ అనే జిగురు వేసేవారు బయటి మరల మీద ఒక్క చుక్కతో ఆపాలి.

లాగడం బరువుగా ఉంది, లేదా జారుతున్నట్టుంది

ఈ రెండూ వేర్వేరు. బరువు స్ప్రింగ్ వల్ల, జారుడు (పిన్ పడేలోపు ట్రిగ్గర్ కొంత దూరం కదలడం) పట్టు ఎక్కువ కావడం వల్ల. జారుడు పోవాలని స్ప్రింగ్ వదులు చేస్తూ పోతే జారుడు అలాగే ఉంటుంది, భద్రత పోతుంది. వేట తుపాకీకి 1.1 నుంచి 1.6 కిలోల బిగువు చాలు. గ్లవ్స్ తొడిగిన చలి చేతికి అంతకన్నా తేలిక మంచిది కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్ పోటీలోనే కనీసం 1500 గ్రాములు ఉండాలన్న నియమం ఉంది. ట్రిగ్గర్ బిగువు కొలిచే గేజ్‌తో పదిసార్లు కొలిచి సగటు తీయండి. కొలతలు ఎగుడుదిగుడుగా వస్తే లోపం స్క్రూలో కాదు, మురికిలో ఉంటుంది.

చలిలో మందగిస్తోంది

నూనె గడ్డకట్టింది. లైటర్ ద్రవంతో కడిగి ఆరబెట్టి, మళ్లీ నూనె వేయకుండా వదిలేయండి.

బిగించాక సేఫ్టీ పడటం లేదు, లేదా ట్రిగ్గర్ తిరిగి రావడం లేదు

స్టాక్ (తుపాకీ చెక్క భాగం) విప్పి చూడండి. విప్పగానే సరిగా పనిచేస్తే, స్టాక్ చెక్కగానీ ట్రిగ్గర్ గార్డ్‌గానీ ఒరుసుకుంటోందన్నమాట. చెక్కను కొద్దిగా తొలిచితే సరిపోతుంది. స్టాక్ విప్పినా కుదరకపోతే సియర్‌నూ సేఫ్టీ లీవర్‌నూ ఆకురాయితో రుద్దకుండా, ట్రిగ్గర్‌ను అమ్మినవారికే తిప్పి పంపండి.